యాకూబ్ భాయ్ నన్ను చదవమన్న కాగితం

ఎనభైల చివర్లో ఒక వేసవిలో నేను చండ్రుగొండకు వెళ్లింది అడవి చూడటానికి కాదు. ఆర్నెల్లుగా యాకూబ్ భాయ్ దగ్గరనుంచి కార్డు రాలేదు, అందుకని. ఆయన ఆ ఊళ్లో చేతిగడియారాలు బాగుచేసేవాడు. కొన్నేళ్ల ముందు హైదరాబాద్‌లో బావమరిది ఇంట్లో రెండు నెలలుండి, నాతోపాటు సాయంత్రం జపనీస్ క్లాసుకు వచ్చాడు. ఎందుకు నేర్చుకుంటున్నారని మాస్టారు అడిగితే నేను ఉద్యోగం కోసమన్నాను. ఆయన మాత్రం, "జపాన్ గడియారంతోని వచ్చే కాయితం చదవాలె సార్. బొమ్మలు చూసుకుంట ఎన్నేండ్లు విప్పుత?" అన్నాడు. అందరం నవ్వాం.

ఊరికి తిరిగి వెళ్లాక ఆయనకు మాస్టారు లేడు, పరీక్ష లేదు. ఒక పాఠ్యపుస్తకం, ఒక నిఘంటువు, అంతే. దుకాణం తెరిచేలోపు రోజూ పది అక్షరాలు రాయాలని, తప్పుపోయినవాటిని మర్నాడు ముందుగా రాయాలని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. వారానికో కార్డు మీద రాసి, దిద్దమని నాకు పంపేవాడు. నేను రెండో ఏడాదే చదువు మానేశాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. పుస్తకం ముందు పెట్టుకుని, చూసి దిద్ది పంపేవాణ్ణి. "నువ్వు ముందల నడుస్తున్నవ్ తమ్మీ, నేను ఎనకొస్తున్న" అని రాసేవాడు.

సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కి పొద్దున ఆరున్నరకు భద్రాచలం రోడ్డు స్టేషన్‌లో దిగాను. పేరు అదే కానీ ఊరు కొత్తగూడెం. రాత్రి డ్యూటీ దిగిన గని కార్మికులు టీ తాగుతున్న హోటల్లో ఇడ్లీ తిని, చండ్రుగొండ వెళ్లే ఏడున్నర బస్సెక్కాను. టికెట్ నాలుగు రూపాయలు, ప్రయాణం గంటకు పైనే. ఆకు రాలిన టేకు చెట్లు దాటాక, మిరప ఏరేసిన చేలు వచ్చాయి. యాకూబ్ భాయ్ ఇల్లెక్కడని కండక్టర్‌ను అడిగాను.

"గడియారాల యాకూబా? దుకాణం బందయింది గద సార్. ఇల్లు మసీదు ఎనక" అని, ఇంకేమీ చెప్పకుండా ముందుకు పోయాడు.

యాకూబ్ భాయ్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నిలబడితే చూపు నా భుజం పక్కగా పోయింది. పేరు చెప్పాను.

"తమ్మీ! గింత దూరం వచ్చినవా?" ఆయన చెయ్యి గాలిలో వెతికింది. పట్టుకున్నాను.

ఆయన భార్య చాయ్ తెచ్చింది. "మొదలు ఒక కన్ను, ఎనక రెండోది. దవాఖానాల నరం ఎండిపోయిందన్నరు. నీకు ఖత్ రాయిస్తనంటే వద్దన్నడు. సదువుకునేటోడు, మనసు ఖరాబైతది అన్నడు."

నేను తలెత్తలేకపోయాను. ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "పాత గడియారం డబ్బాల దొరికింది. సగం చదివిన, అంతల మసకలైంది. కడమది నువ్వు చదువు, నేను ఇంటుంట."

కాగితం నిండా సన్నటి అక్షరాలు. ఐదారు గుర్తుపట్టి పలికాను. తర్వాత ఆగిపోయాను.

"ఎలుగు తక్కువున్నదా? ఎండలకు పోదాం పా."

"ఎలుగు ఉంది భాయ్. నాకే రాదు. మానేసి మూడేండ్లయింది. నీ కార్డులు పుస్తకం చూసి దిద్దిన."

"మరి నేను ఎవని ఎనకొచ్చిన?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. కాగితం తడుముకుంటూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అన్నం తినిపో" అన్నాడు. తిన్నాను. మధ్యాహ్నం బస్సుకు బయల్దేరేదాకా మళ్లీ తమ్మీ అని పిలవలేదు.

ఆయనకు ముందు ఎవరూ నడవలేదు. చెప్పేవాడు, అడిగేవాడు లేని ఊళ్లో అన్నేళ్లు ప్రతి పొద్దునా తనను తాను కూర్చోబెట్టుకుని నేర్చుకున్నాడు. ఎవని వెనక వచ్చానని అడిగినప్పుడు నేను చెప్పవలసిన మాట అదే. బస్సు కొత్తగూడెం చేరేసరికి గానీ అది నాకు తట్టలేదు. ఇంటికి వెళ్లి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్లీ వెళ్లే ధైర్యం నాకు చాలలేదు.

ఆ వైపు వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట. వేసవిలో కొత్తగూడెంలో పది దాటితే ఎండకు నిలవలేం. రైలు దిగగానే దొరికిన మొదటి బస్సెక్కండి, నీళ్లు వెంట ఉంచుకోండి.