లాగర్ పట్టిన దొంగ

ఆ రోజుల్లో జావాస్క్రిప్ట్‌లో తప్పు వెతకడమంటే గడ్డివాములో సూదిని వెతకడమే. ప్రోగ్రాం ఎక్కడిదాకా నడిచిందో తెలియాలంటే అడుగడుగునా తెర మీద సందేశం చూపే ఓ అలర్ట్ డబ్బా పెట్టి, ఓకే నొక్కీ నొక్కీ వేళ్లు అరగదీసుకునేవాళ్లం. మాదాపూర్ బండరాళ్ల మధ్య కొత్తగా లేచిన భవనంలో నాది మొదటి ఉద్యోగం, అదీ ప్రొబేషన్. నాతోపాటే చేరిన గోదావరాయన మాటమాటకీ 'అండి' తగిలిస్తాడని అండీగారు అనేవాళ్లం. ఇద్దరిలో ఒక్కరినే పర్మినెంట్ చేస్తారని గుసగుస. ఇంకేముంది, నాకు (పుట్టుకతోనే అనుమానం మనిషిని) ఆయన తుమ్మినా కుట్రే.

నేను చేస్తున్నది ఓ ఆస్పత్రికి రోగుల వివరాలు నింపే పేజీ. సగం నింపి, అలాగే తెరిచి ఉంచి భోజనానికి వెళ్లేవాణ్ని. తిరిగొచ్చేసరికి రోగి పేరు దగ్గర పిచ్చి అక్షరాలు, సగం నింపిన ఫారం కూడా దానంతటదే సబ్మిట్ అయిపోయి ఉండేది. రోజూ ఇదే వరస. అండీగారు నాకంటే ముందే తినొచ్చి సీట్లో కూర్చుని, "ఏమైందండీ, మళ్లీ పోయిందాండీ?" అని అడిగేవాడు. ఆ జాలి చూస్తే ఒళ్లు మండేది. మేనేజర్ సారు మాత్రం ఒక్క మాటే అన్నాడు: "శుక్రవారం చూపించాలె. మళ్ల గిట్లయితే నీ సామాను సదురుకో."

ఆ పంతంతో ఓ లాగర్ రాశాను. ఏ మీట ఎన్నింటికి నొక్కారో పక్కనే చిన్న కిటికీలో వరసగా రాసుకుపోతుంది. ఫ్లాపీలో ఓ మూలకు సరిపోయేంత తేలిక, ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. రాసినవాటిని విడదీసే సమాచారం, హెచ్చరిక, తప్పు అనే స్థాయిల పక్కన నా సొంతానికి ఇంకోటి చేర్చాను, అనుమానం అని. (మిగతా మూడూ ఎప్పుడూ ఖాళీగానే ఉండేవి.)

మర్నాడు భోంచేసి వచ్చి చూస్తే అనుమానం కింద బారెడు జాబితా: క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ... చివర ఎంటర్. రహస్య సంకేతమే! కాగితం మీద అచ్చుతీసి అండీగారి టిఫిన్ డబ్బా పక్కన కొట్టాను. "ఇది మీ పనే గద?"

ఆయన నింపాదిగా చూశాడు. "వరస చూశారాండీ? కీబోర్డు మీద ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయండి. మనిషి వేళ్లు ఇలా నడవవండి. రేపు కాపలా కాద్దామండి."

మర్నాడు ఇద్దరం తిండి మానేసి బీరువా చాటున నక్కాం. ఆఫీసు ఊడ్చే పెద్దమ్మ తడిగుడ్డతో వచ్చింది. చెప్పులు విడిచి, నా కీబోర్డును తాకి కళ్లకద్దుకుని, ఎడమ నుంచి కుడికి ఒక్కో వరసా తుడిచింది. ఎంటర్ పెద్ద మీట కదా, దాన్ని ఇంకాస్త గట్టిగా రుద్దింది.

"ఏంది పెద్దమ్మా ఇది?" అంటూ బయటికొచ్చాను.

"దుమ్ముంటే మనసునవట్టది బిడ్డా. అన్నం పెట్టే పెట్టె గద. ఏమన్న ఖరాబయిందా? సారుకు చెప్పకు, పని తీసేస్తడు."

నా చేతిలో కాగితం ఉంది. అది చూపిస్తే నా ఉద్యోగం నిలుస్తుంది, ఆవిడది పోతుంది. నేను కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "ఏం కాలే, నువ్వు తుడువు" అన్నాను. భోజనాల వేళ పేజీ మీటలను పట్టించుకోకుండా, లాగర్ ఏదీ రాయకుండా ఓ సెట్టింగ్ చేర్చి, తప్పంతా నా ప్రోగ్రాందేనని సారుకు చెప్పుకున్నాను. శుక్రవారం పేజీ చక్కగా నడిచింది. పర్మినెంట్ మాత్రం అండీగారికే అయింది. నా ప్రొబేషన్ పొడిగించారు.

ఆ లాగర్‌ను తర్వాత చాలా చోట్ల వాడాను. భోజనాల వేళ దానికా మౌనం ఎందుకని కుర్రాళ్లు అడిగితే నవ్వి ఊరుకుంటాను. ఇప్పుడు నా కీబోర్డు నేనే తుడుచుకుంటాను. ఎంటర్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి కాసేపు ఆగుతుంది.