రెండు కామాల మధ్య ఖాళీ

ఆసుపత్రి రికార్డుల గదిలో పనిచేసే గుమాస్తాని అందరూ కామాల బాబాయ్ అనేవారు. ఎదురుగా ఉన్నప్పుడు బాబాయ్ మాత్రమే. కామాలు ఆయన వెనక్కి తిరిగాక చేరేవి. యాభై ఏళ్ళు దగ్గర పడుతుండగా, అట్ట ఊడిన పుస్తకం ఒకటి ముందేసుకుని, కంప్యూటర్‌కి పనులు చెప్పే సి భాష నేర్చుకున్నాడు. "ఉల్లిపాయ రెండు ముక్కలు చెయ్యమంటే వేలు కోసుకుంటారు. ఆఫీసులో మాత్రం అక్షరాలు కోస్తారట!" అని ఆయన భార్య ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. ఆయన దాన్ని పొగడ్తగానే తీసుకునేవాడు.

కోయడం నిజమే. రక్తదానానికి పేరిచ్చిన నాలుగు వందల పన్నెండు మంది వివరాలూ ఆయనే టైపు చేశాడు. మనిషికో వరస: పేరు, చిరునామా, రక్తం గ్రూపు, ఫోన్ నంబరు. మధ్యలో కామాలు. సి భాషలో స్ట్ర్‌టాక్ అని తయారుగా దొరికే పనిముట్టు ఒకటుంది. దానికి వరసనిచ్చి కామాని చూపిస్తే చాలు, కామా ఉన్నచోటల్లా తెంపి ఒక్కో ముక్కా చేతికందిస్తుంది. మూడో ముక్క రక్తం గ్రూపు. అడిగిన గ్రూపుతో అది కలిస్తే ఆ మనిషి పేరూ నంబరూ తెర మీద పడతాయి.

ఎంటర్ నొక్కే ముందు బాబాయ్ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాడు.

"దేవుడికి కంప్యూటర్ రాదు బాబాయ్, ఊరికే ఇబ్బంది పెట్టకు" అనేది నర్సమ్మ.

"నాకూ పూర్తిగా రాదుగా. ఇద్దరం కలిసి లాక్కొస్తున్నాం."

ఒకరోజు పొద్దున పది గంటలకి ఆ నర్సమ్మే రొప్పుతూ వచ్చింది.

"ఓ నెగెటివ్ కావాలి బాబాయ్. కాన్పు కేసు, మూడింటికి ఆపరేషను. మన దగ్గర ఒక్క బాటిలే ఉంది. రెండోది కళ్ళబడితే గానీ కత్తి పట్టనంటోంది డాక్టరమ్మ."

బాబాయ్ కళ్ళు మూశాడు, ఎంటర్ నొక్కాడు. ఎవరూ లేరంది తెర.

"నాలుగు వందల మందిలో ఒక్కరూ లేరా?"

"మిషను అబద్ధం చెప్పదమ్మా."

"అయితే పద. వరండాలో ఆ అమ్మాయి తల్లి కూర్చునుంది. నీ నోటితోనే చెబుదువు గాని."

"ఒక్క నిమిషమాగమ్మా" అన్నాడు బాబాయ్. మిగతా గ్రూపులన్నీ ఒక్కొక్కటే అడిగి చూసి, వచ్చిన పేర్లు కూడాడు. మూడు వందల తొంభై ఏడు. పదిహేను మంది మాయం! ఏ గ్రూపుతోనూ కలవని వరసల్లో మూడో ముక్క ఏముందో చూపించమన్నాడు. తెర నిండా ఫోన్ నంబర్లు.

"పది అంకెల రక్తం ఏ తల్లి కన్న బిడ్డలో పారుతుందిరా నాయనా" అని తనని తానే తిట్టుకుని ఆ పదిహేను వరసలూ తెరిచాడు. అన్నింట్లోనూ పేరు పక్కన రెండు కామాలు అంటుకుని ఉన్నాయి. వాళ్ళెవరూ చిరునామా ఇవ్వలేదు. పక్కపక్కనే రెండు కామాలు కనిపిస్తే స్ట్ర్‌టాక్ వాటిని ఒకటిగానే లెక్కేసి, మధ్యనున్న ఖాళీని మింగేస్తుంది. దాంతో రక్తం గ్రూపు వెళ్ళి చిరునామా కుర్చీలో కూర్చుంది, ఫోన్ నంబరు రక్తం కుర్చీలో కూర్చుంది. రెండేళ్ళుగా ఇల్లు లేనివాళ్ళ రక్తం రక్తమే కాకుండా పోయింది. అదీ ప్రతిసారీ దేవుణ్ణి తలుచుకుని మరీ!

ఆ పదిహేను మందిలో ఓ నెగెటివ్ ఒక్కడే, గొడుగులు బాగుచేసే మనిషి. బాబాయ్ అతని నంబరు నొక్కాడు.

"అన్నా, ఆసుపత్రి నుంచి. రక్తం కావాలి."

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా? పేరిచ్చి రెండేళ్ళయింది. నా రక్తం మీకు నచ్చలేదేమో అనుకున్నా."

"తప్పు నాదన్నా. ఎక్కడున్నావు?"

"మంగలి కుర్చీలో. ఒక చెంప అయింది."

"రెండో చెంప ఆగుతుందా?"

"అది ఎక్కడికి పోతుంది! వస్తున్నా."

పావుగంటలో సబ్బు నురగతోనే వచ్చి మంచమెక్కాడు. నర్సమ్మ నవ్వాపుకోలేక, తడిగుడ్డతో ఆ చెంప తుడిచి మరీ సూది గుచ్చింది. ఈలోపు బాబాయ్ ఆ తయారు పనిముట్టుని పక్కన పారేసి, అక్షరం వెంట అక్షరం నడుస్తూ, కామా వచ్చిన ప్రతిచోటా ఆగేలా సొంతంగా రాసుకున్నాడు. కామాకి ముందు ఏమీ లేకపోయినా సరే, ఆగి ఆ ఖాళీనీ ఒక ముక్కగా లెక్కపెట్టాలి.

సూపరింటెండెంటు తొంగిచూసి, "ఇంత తంటా ఎందుకయ్యా? ఆ పదిహేను చోట్లా ఏదో ఒక వీధి పేరు పడెయ్యి" అని ఉచిత సలహా ఇచ్చి వెళ్ళాడు.

బాబాయ్ మంచం దగ్గరికెళ్ళి అడిగాడు. "చిరునామా ఏం రాయమంటావన్నా?"

"లేనిది రాయడం ఎందుకు? ఖాళీగానే ఉంచు. ఈసారి పిలుస్తావుగా?"

"పిలుస్తాను."

నాలుగు దాటాక నర్సమ్మ వచ్చి ఆడపిల్ల పుట్టిందని చెప్పింది. తల్లికీ ఫర్వాలేదట. బాబాయ్ గట్టిగా ఊపిరి వదిలి, ఫోను దగ్గరికి లాక్కుని, మిగిలిన పద్నాలుగు మందికీ వరసగా చెయ్యడం మొదలుపెట్టాడు.

"రక్తం కోసం కాదమ్మా. మిమ్మల్ని ఇన్నాళ్ళూ వదిలేశాను, ఆ మాట చెబుదామని."

చాలామంది నవ్వేశారు. తొమ్మిదో ఆవిడ మాత్రం చెడామడా తిట్టింది. బాబాయ్ లేచి నిలబడి మరీ విన్నాడు.