రోడ్డుకూ గుట్టకూ ఒకే స్టీరింగు

మా జీపు వారమంతా నాది, ఆదివారం వదినది. వదిన అంటే మా ఆయన అక్క. పెనుకొండ దగ్గర ఒక పల్లెలో మల్బరీ తోటనూ గొర్రెల మందనూ చూసుకుంటుంది. నాది పట్టుదారం వ్యాపారం. హిందూపురంలో దారం కొని ధర్మవరంలో మగ్గాలవాళ్లకు చేరవేస్తాను. ఇద్దరికీ బండి అవసరం, ఇద్దరికీ జీపంటే పిచ్చి. అందుకే ఒక పాత జీపును కలిసి కొనుక్కున్నాం. అంతకుముందున్న ఆసామి దాని కింది కమాను పట్టీలు మార్చి, ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించాడు. దూరం నుంచి చూస్తే ఢీకొట్టడానికి తలెత్తిన పొట్టేలులా ఉండేది. మాకు నచ్చిందీ అదే.

మొన్న చలికాలంలో ఒకరోజు వెనక దారం మూటలు వేసుకుని హిందూపురం నుంచి బయల్దేరాను. ధర్మవరంలో చీర తీసుకోవాలని వదిన కూడా పక్కన కూర్చుంది. ఊరు దాటి కాస్త దూరం వెళ్లామో లేదో, ముందు చక్రం ఒక గుంతలో పడి లేచింది. అంతే. స్టీరింగు నా చేతుల్లో గడగడ వణకడం మొదలుపెట్టింది. ముందు భాగమంతా కుడికీ ఎడమకూ కొట్టుకుంటోంది. బ్రేకు గట్టిగా తొక్కితే ఎటు పోతుందోనని భయం. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, బండి నెమ్మదించే దాకా స్టీరింగును బిగించి పట్టుకున్నాను. బండి రోడ్డు అంచున ఆగింది.

"ఏమైందే?" వదిన రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకునే ఉంది.

"తెలీదు వదినా. స్టీరింగు నా మాట వినలేదు."

"నువ్వే నన్ను బెదిరించేదానికి ఆడిస్తాండావేమో అనుకుంటి!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. జీపును తిప్పుకుని, సైకిలు కంటే నెమ్మదిగా హిందూపురంలో మాకు తెలిసిన మెకానిక్ షెడ్డుకు చేరాం.

మెకానిక్ బండి కిందికి దూరి, నన్ను స్టీరింగు అటూ ఇటూ తిప్పమన్నాడు. "కిందికి వంగి చూడక్కా," అని వదినను పిలిచాడు. "రాడ్డు ముందు ఆడ్తాండాది, చక్రం ఆ తర్వాత తిరుగుతాండాది. జాయింట్లన్నీ అయిపోయినాయి."

నేనూ దిగి చూశాను. స్టీరింగు పెట్టె నుంచి ఒక చక్రానికి ఒక రాడ్డు, ఆ చక్రం నుంచి అవతలి చక్రానికి ఇంకో రాడ్డు. వాటి నాలుగు కొసలకూ నాలుగు జాయింట్లు. భుజం గూటిలో ఎముక తిరిగినట్టు ఒక్కో జాయింటులో ఒక గుండు తిరుగుతుంది. మా జీపులో గుండ్లు అరిగి, గూళ్లు వదులైపోయాయి. ఇన్నాళ్లూ నేను దారం మూటలతో రోడ్డెక్కింది వీటి మీదనా!

"నాలుగూ మార్చు," అన్నాను.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. మార్చడానికి రెండు రకాలున్నాయి. మొదటిది కంపెనీ బండ్లకు వచ్చే మామూలు జాయింటు. లోపల గ్రీజు, పైన రబ్బరు టోపీ. రెండోది పోటీ జీపులకు వేసే రింగు జాయింటు. ఇనుప రింగులో నున్నటి గుండు, దాని నడుమ నుంచి ఒక బోల్టు. టోపీ లేదు, మూత లేదు, అంతా బయటికే కనిపిస్తుంది. కానీ ఎటంటే అటు వంగుతుంది.

వదిన అప్పటికే ఫోన్ తీసింది. అందులో ఒక జీపు బండరాళ్ల మీద ఒక చక్రం గాల్లోకి లేపి నిలబడి ఉంది. "ఇవి పెట్టబ్బా. ఎట్ల వంగుతాండాదో చూడు! మా గొర్రెల దొడ్డి దారికి ఇట్లాంటివే కావల్ల."

"రోజూ రోడ్డు మీద తిరిగేది నేను వదినా. నాకు రబ్బరు టోపీవే కావాలి."

"నీ రోడ్డుకు ఆటో చాలు!"

"నీ గుట్టకు గాడిద చాలు!"

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అంతలో షెడ్డు ముందు ఇంకో జీపు ఆగింది. మడకశిర నుంచి వచ్చిన రైతు దిగాడు. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడే మనిషి. సెలవుల్లో జీపు పోటీలకు పోతాడట. ఆయన బండికి ఉన్నవి రింగు జాయింట్లే. మా గొడవ విని నవ్వి తాళం నా చేతిలో పెట్టాడు. "మాటల్తో యాడ తెలుస్తాదమ్మా. నడిపితేనే గొత్తయ్యేది."

నేను నడిపాను. ఆయన పక్కన, వదిన వెనక. షెడ్డు సందు దాటి ఖాళీ రోడ్డు మీదికి రాగానే నా గుండె ఒక్కసారి ఎగిరింది. అబ్బ, అది స్టీరింగా! వేలు కదిపితే బండి కదిలింది. నా ఆలోచనకూ చక్రానికీ మధ్య ఏమీ లేనట్టు ఉంది. ఒక మలుపు చాలక ఇంకో మలుపు, అదీ చాలక వెనక్కి తిప్పి మళ్లీ అదే మలుపు. రైతు నవ్వుతూ పైన కడ్డీ పట్టుకున్నాడు.

షెడ్డులో దిగుతూనే అరిచాను. "నాకివే కావాలి!"

"నాకొద్దు," అంది వదిన.

నేను తెల్లబోయాను. ఆమె అప్పటికే ఆ జీపు ముందు చక్రం దగ్గర గొంతు కూర్చుని ఉంది. "వెనక కూర్చున్నదాన్ని నేను. దారి పొడుగునా టక్కు టక్కుమంటానే ఉండె. ఈ గుండు చూడు, దుమ్మెట్ల పట్టిందో. మా తోట దారి ఎండాకాలంలో ఎట్లుంటాదో నీకు తెలీదా? పిండి జల్లించినట్టు లేస్తాది. అదంతా దీంట్లోకి పోతే ఇది తిరగలి అయితాది. మళ్లా నీ చేతిలో గడగడలాడతాది."

రైతు కాదనలేదు. "నిజమేనమ్మా. నేను దీన్ని గుట్టలకే తీస్తా. వచ్చినంక కడిగి, అరిగినాయేమో పట్టి చూస్తా. దినామూ రోడ్డుకు నాకు వేరే కారు ఉండాది."

నా దగ్గర వేరే కారు లేదు. అయినా మనసు ఒప్పుకోలేదు. చేతుల్లో ఆ మలుపు ఇంకా తిరుగుతూనే ఉంది. టోపీ రకం కావాలన్నది నేను, ఇప్పుడు రింగు కోసం కొట్లాడుతున్నదీ నేనే. రింగు కావాలన్న వదిన టోపీ పక్షాన నిలబడింది. మెకానిక్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఒక మాట చెప్తా వినండి. రింగులు పెట్టల్లంటే చక్రం కాడ ఉండే, ఒకపక్క లావుగా ఇంకోపక్క సన్నగా ఉండే రంధ్రాన్ని తొలిచి తిన్నగా చేయల్ల. తొలిచినంక టోపీ రకం మళ్లా పట్టదు. టోపీవాటికి తొలిచే పని లేదు. ముందు అవి పెట్టి చూద్దాం. చాలకపోతే అప్పుడు తొలుద్దాం."

ఇద్దరం ఒప్పుకున్నాం. చీర సంగతి వదిన, దారం సంగతి నేను పూర్తిగా మరిచిపోయాం. ధర్మవరం నుంచి ఫోన్ వస్తే, "రేపు తెస్తానన్నా, బండి కింద ఉన్నాను," అన్నాను. నిజంగానే బండి కింద ఉన్నాను, చేతిలో లైటు పట్టుకుని.

కొత్త జాయింట్లు బిగించాక, షెడ్డు వెనక రాళ్ల గుట్ట మీదికి ఒక చక్రం ఎక్కించి రెండోదాన్ని కిందికి వేలాడనిచ్చాం. వదిన స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతుంటే నేనూ మెకానిక్కూ ఒక్కో జాయింటునూ చూశాం. మూడు హాయిగా తిరిగాయి. నాలుగోది, స్టీరింగు పెట్టె దగ్గరున్నది, చివరికంటా వంగలేక ఆగింది. దాని గుండుకు ఉన్న మెడలాంటి కడ్డీ గూటి అంచుకు ఆనుకుంది. బండి ఎత్తు పెంచడంతో అక్కడ రాడ్డు బాగా ఏటవాలుగా ఉంది మరి.

"ఇలాగే పోనిస్తే?" అన్నాను.

"ఏదో ఒకనాడు మెడ ఇరుగుతాది. ఇరిగితే స్టీరింగు నీ చేతిలో ఉంటాది, చక్రం దాని పాటికి అది పోతాది," అన్నాడు మెకానిక్.

"అయితే ఆ ఒక్క చోట రింగు పెడదాం!" నా గొంతులో సంతోషం దాగలేదు. వదిన సీట్లోంచి తల బయటపెట్టి నా వైపు గుడ్లురిమింది.

మెకానిక్ మోటారు సైకిలెక్కి బజారుకు వెళ్లాడు. మేం టీ తాగుతూ మళ్లీ వాదించుకున్నాం. తిరిగొచ్చినప్పుడు అతని చేతిలో చిన్న లారీకి వేసే జాయింటు ఉంది. అదీ గ్రీజు, టోపీ ఉన్నదే, కాకపోతే మావాటికంటే లావు. చేత్తో వంచి చూపించాడు. మామూలుదానికంటే చాలా ఎక్కువ వంగింది! వదిన చప్పట్లు కొట్టింది. దాని లావుకు సరిపడా, స్టీరింగు పెట్టె నుంచి వచ్చే ఇనుప చెయ్యి కొసనున్న రంధ్రాన్ని, అలాగే ఒకపక్కకు సన్నబడేలా, కొద్దిగా పెద్దది చేసి, బిగించి, నట్టుకు అడ్డంగా పిన్ను వేశాడు. మళ్లీ రాళ్ల గుట్ట. మళ్లీ ఈ చివర, ఆ చివర. ఈసారి మెడకూ గూటికీ మధ్య నా వేలు పట్టేంత సందు మిగిలింది.

"తగల్లేదు!" అని అరిచాను.

"తగల్లేదా?"

"తగల్లేదు వదినా!"

ముందు చక్రాల అలైన్‌మెంటు సరిచేయించుకుని, మర్నాడు దారం మూటలతో ధర్మవరం వెళ్లాను. స్టీరింగు మడకశిర జీపంత చురుగ్గా లేదు. ఆ సంగతి ఇప్పటికీ కాస్త గుచ్చుతుంది. కానీ చప్పుడు లేదు, వణుకు లేదు. లారీల వెనక పోతూ ఒంటి చేత్తో పట్టుకోగలిగినంత నిలకడగా ఉంది. దారి పొడుగునా పాడుకుంటూ వెళ్లాను.

ఆదివారం వదిన వంతు. గొర్రెల దొడ్డికి పోయే దారి దారే కాదు, వాన నీళ్లు కోసిన గండి. ఇంతవరకూ మా జీపు సగంలోనే ఆగిపోయేది. మిగతాది నడకే. ఆమె చీర కొంగు దోపుకుని గేరు వేసింది. ఒక చక్రం బండమీదికి, ఒకటి గండిలోకి. సీటు నన్ను ఒకవైపు విసిరికొట్టింది. ఆమె స్టీరింగును చివరికంటా తిప్పింది, బండి తిప్పిన వైపుకే ముక్కు పెట్టింది. ఇంకో బండ, ఇంకో గండి. "పో తల్లీ, పో!" అని జీపును చూసో నన్ను చూసో అరుస్తోంది. నేనూ అరుస్తున్నాను. చివరి రాయి దగ్గర వెనక టైరు జారి, పట్టు దొరికి, ఒక్క ఊపున దొడ్డి ముందుకొచ్చి పడ్డాం.

గొర్రెలన్నీ కంచె అవతలి మూలకు పరుగెత్తాయి. మంద కాసే తాత కర్ర మీద చెయ్యి ఆనించి నోరు తెరిచి చూశాడు.

"ఏమమ్మా, బండి ఈడికి ఎట్ల వచ్చె?"

"ఎక్కి వచ్చె తాతా!" అంది వదిన, కిందికి దూకుతూ.

ఆయన జీపు చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కర్రతో తట్టి చూశాడు. ఆ తర్వాత దొడ్డిలోకి పోయి, కుంటుతున్న గొర్రెపిల్లనొకదాన్ని చంకన పెట్టుకుని వచ్చి ముందు సీట్లో నా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

"దీన్ని డాక్టరుకు చూపియ్యల్ల. పదండి, పెనుకొండకు పోదాం."

వదిన నా వైపు తాళం విసిరింది. "రోడ్డు వచ్చేదాకా నేనే. ఆ తర్వాత నువ్వు," అంటూనే మళ్లీ నా చేతిలోంచి లాక్కుంది.