చెక్క స్తంభాల మీది ఊరు

ఈ ఉదయం మేముండే ట్రాయ్ ఊరి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో ఒక వాక్యం కింద ఎవరో పెన్సిల్‌తో గీత గీసి ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పాత ఇళ్లు బురదలో దిగ్గొట్టిన చెక్క స్తంభాల మీద నిలబడ్డాయట. నీళ్లలో మునిగి ఉన్నంతకాలం ఆ చెక్క పుచ్చదట.

రేపు ఆ ఊరికే బయలుదేరుతున్న నా రూమ్మేట్ స్వప్నకి అది చదివి వినిపించాను.

"ఇంత ఇష్టమున్నదానివి, నువ్వు గూడ రారాదే," అంది సూట్‌కేస్ సర్దుతూ.

"నా వీసా స్టాంప్ ఎక్స్‌పైర్ అయింది కదా. ఈ దేశం దాటి బయటికెళ్తే ఇండియాలో స్టాంపింగ్ అయ్యేదాకా వెనక్కి రానివ్వరు. అప్పటిదాకా ఉద్యోగం ఆగుతుందా?"

"సరే తియ్యి, ఫొటోలు పెడత."

నేల కింది చెక్క ఫొటోల్లో కనపడదని పైకి అనలేదు. మీరూ పుస్తకంలోనే తిరిగొచ్చిన ఊరు ఏదైనా ఉంటే చెప్పండి.

స్వప్న ఫోన్‌లో ఉన్న ఐదు రోజుల ప్లాన్, ఏ వీధి తర్వాత ఏ కాలువో సహా, నేను రాసిచ్చిందే.