షాద్‌నగర్ బస్సులో వచ్చిన టిఫిన్

ఆన్‌లైన్‌లో అమ్మే సరుకు ఎక్కడ గోదాము కట్టి ఉంచితే కొన్నవాళ్లకు త్వరగా చేరుతుందో తేల్చడం నా పని. ఈ చుట్టుపక్కల మా గోదాములన్నీ నేను చూపించిన చోటే లేచాయి. ఆ గర్వంతోనే ఆరోజు శంషాబాద్ బస్టాపులో కూర్చున్నాను. పక్కన మెడలో ఎయిర్‌పోర్టు కార్డుతో ఒకామె ఉంది.

షాద్‌నగర్ నుంచి వచ్చిన బస్సు ఆగింది. కండక్టరు తలుపులోంచే ఆమెకు టిఫిన్ డబ్బా అందించాడు.

"అక్కా, మీ చెల్లె ఇచ్చింది. జర పైలం, కూర ఒలుకుతది."

బస్సు వెళ్లిపోయింది.

"పంపమని ఫోన్ చేశారా?" అని అడిగాను.

"ఫోనెందుకు? నేను యాదికొస్తే పంపుతది."

నాకు ఒళ్లు మండింది. నేను ముఖమైనా చూడని ఆ చెల్లెలు నాకెందుకు లేదనిపించింది.

ఆమె జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది. "తినక్కా, ఇంకా వెచ్చగనే ఉన్నది."

తిన్నాను. బాగుందని మాత్రం చెప్పలేదు.

మా గుమ్మం ముందు ఇప్పటికీ పార్సిళ్లు దిగుతూనే ఉంటాయి. అన్నిటి మీదా నా పేరే ఉంటుంది. నేను ఆర్డర్ పెట్టకుండా వచ్చింది మాత్రం ఒక్కటీ లేదు.