ఈరవ్వ సంఘానికి కొట్టిన కొబ్బరికాయ

మాక్లూర్ పక్క పల్లె నుంచి పొద్దున్నే షేర్ ఆటోలో వచ్చి, నిజామాబాద్ మార్కెట్ యార్డు వెనక పసుపు మిల్లులో కొమ్ములు ఏరే మనిషి ఈరవ్వ. మిల్లుకు ఎదురుగా వేబ్రిడ్జి మీద లారీలు తూచే పని నాది. అంతకుముందు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేస్తూ యూనియన్‌లో తిరిగినవాణ్ణి. ఫ్యాక్టరీ మూతపడింది, యూనియన్ పోయింది, నాకు నోరు మాత్రం మిగిలింది. చాయ్ తాగే వేళ ఆ నోటితోనే ఈరవ్వతో వాదన పెట్టుకునేవాణ్ణి. ఎప్పుడూ ఆమెదే పైచేయి.

పోయిన ఎండాకాలం సుమలత చెయ్యి మిషన్ బెల్టులో పడి రెండు వేళ్లు తెగిపోయాయి. సుమలత ఈరవ్వకు చుట్టమేమీ కాదు. పక్కన కూర్చుని ఏరే పిల్ల, మొగుడు పోయినది, అంతే. మిల్లు యజమాని సేటు ఆమెకు దవాఖానలో కట్టు కట్టించి చేతులు దులుపుకున్నాడు. ఆమె మిల్లు మనిషి కాదట, గుంపును తెచ్చే మేస్త్రి భీమన్న మనిషట. భీమన్నను అడిగితే, తానూ కూలివాణ్ణే అన్నాడు.

ఈరవ్వ తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"నా చిన్నబిడ్డ చంకల ఉన్నప్పటి సంది ఈ గేట్ల అడుగువెడ్తున్ననే అన్నా. దానికి పెండ్లి గుడ అయిపాయె. మరి నేనెవల మనిషిని?"

సంఘం పెట్టుకోమన్నాను. ఏడుగురు కలిస్తే చాలు. సంఘానికి ఒక పేరు, కొన్ని నియమాలు, ఒక అధ్యక్షురాలు, ఒక కార్యదర్శి. ఏడుగురూ సంతకాలు పెట్టి లేబర్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. అది రిజిస్టర్ అయితే, రేపు ఎవరికి దెబ్బ తగిలినా అడిగేది ఒక్క ఆడమనిషి కాదు, సంఘం. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాను. "దరఖాస్తు లోపలికి పోయేదాంక మూడో చెవిన వడద్దు."

పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్న దగ్గరే ఆగిపోతారనుకున్నాను. ఆగలేదు. ఆటోలో ఒకరిని, నల్లా దగ్గర ఇంకొకరిని పట్టుకుని ఈరవ్వ ఏడుగురిని కూడగట్టింది. నోట్లో నువ్వుగింజ నాననివాళ్లు కూడా గుట్టుగా ఉన్నారు. చెప్పొద్దూ, నాకు గర్వంగా అనిపించింది.

సంతకాల రోజు దగ్గరపడ్డాక కొబ్బరికాయ కొట్టాలన్నారు. కొట్టండి, నాకేం పోయింది అన్నాను. తీరా చూస్తే ఆ గుంపులో కాయ కొట్టేది మేస్త్రే. ఏటా కొత్త పసుపు రాగానే మిషన్ ముందు భీమన్న కాయ కొడితేగాని ఎవరూ కొమ్ము ముట్టుకోరు. ఆయన చెయ్యి పడకుండా మొదలైన పని కలిసిరాదట.

"నీకేమన్న మతి ఉన్నదా ఈరవ్వా? ఆయన సేటు మనిషి!"

"గట్లంటవేందన్నా? గాయన మా ఊరోడు. సుమలతను దవాఖానకు ఎత్తుకపోయింది గాయననే. పెద్దమనిషికి చెప్పకుంట మొదలువెడ్తె గది దొంగపని అయితది. మనమేమన్న దొంగతనం చేస్తున్నమా?"

ఎంత చెప్పినా వినలేదు. భీమన్న వచ్చాడు. తలకు చుట్టిన రుమాలు విప్పి, కాయ కొట్టి, ఆ నీళ్లు అందరి మీదా చల్లాడు. "మంచిగ కావాలె బిడ్డా" అన్నాడు. అది మనసులో మాటే, నేను ఆయన ముఖం చూశాను. మర్నాడు పొద్దున్నే పోయి సేటుకు అంతా చెప్పాడు. ఆయనకు చెప్పకుండా ఈరవ్వ ఎలా మొదలుపెట్టలేకపోయిందో, సేటుకు చెప్పకుండా ఆయనా అలాగే ఉండలేకపోయాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కసితీరా తిట్టుకుందామంటే నాకు నోరు రాలేదు, అదీ నా మంట.

సేటు ఎవరినీ పనిలోంచి తీసెయ్యలేదు. పెట్టుకున్నట్టు కాగితం ఉంటే కదా తీసెయ్యడానికి! సరిహద్దు అవతలి నుంచి మరాఠీ మాట్లాడే గుంపు ఒకటి వ్యానులో దిగింది. మావాళ్లు గేటు బయట కూర్చున్నారు. అయినా దరఖాస్తు ఇచ్చాం. సుమలత చెయ్యి తెగడం కళ్లారా చూశానని ఈరవ్వ వేరుగా ఫిర్యాదు కూడా ఇచ్చింది.

ఆ తరువాత భీమన్న ఒక్కొక్కరికే కబురు పెట్టాడు. సంఘంతో సంబంధం లేదని లేబర్ ఆఫీసులో చెప్పి వస్తే పని ఉందన్నాడు. ఇంట్లో పొయ్యి వెలగకపోతే ఏ సంఘం నిలుస్తుంది? ఒకరి వెనక ఒకరు లోపలికి పోయారు. వాళ్లు ఎదురుపడితే ఈరవ్వే తల తిప్పుకునేది, వాళ్లు సిగ్గుపడకూడదని. చివరికి సుమలతకూ పిలుపొచ్చింది. తెగిన వేళ్లతో కొమ్ములు ఏరలేదు గనక ఊడ్చే పని ఇచ్చారు. ఏడు పేర్లలో ఈరవ్వ పేరొక్కటే మిగిలింది. ఒక్క మనిషితో సంఘం కాదని ఆఫీసులో దరఖాస్తు పక్కన పెట్టేశారు.

ఫిర్యాదు మీద విచారణకు ఆఫీసరు వచ్చిన రోజు నేనూ ఈరవ్వ వెంట మిల్లులోకి వెళ్లాను. ఆఫీసరు నెమ్మదస్తుడే. సుమలతను దగ్గరికి పిలిచి అడిగాడు.

"చేతికి దెబ్బ ఎక్కడ తగిలిందమ్మా?"

సుమలత సేటు వైపు చూసింది. "ఇంట్ల సార్. గడ్డి కోసే మిషన్ల వడ్డది."

నాకు ఒళ్లు మండిపోయింది. గొడ్డూ గోదా లేని ఇంట్లో గడ్డి మిషన్ ఎక్కడిది? గట్టిగా అడగబోతుంటే ఈరవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు.

"మిల్లులోనే జరిగింది, చూశానని మీరు రాశారు. మీరు ఇక్కడ పనిచేస్తారా?"

ఔనంటే సుమలతది అబద్ధమవుతుంది, ఆ ఊడ్చే పని కూడా పోతుంది. సుమలత చీపురు పట్టుకుని నేల చూస్తోంది. భీమన్న గోడవైపు తిరిగాడు. ఈరవ్వ నా మోచెయ్యి వదిలేసింది.

"లేదు సార్" అంది. "నాకు, ఈ మిల్లుకు ఏం సంబంధం లేదు. ఊకనే వచ్చిన."

ఆఫీసరు అదే రాసుకున్నాడు. కలం మూసి, మర్యాదగానే చెప్పాడు.

"సంబంధం లేనివాళ్లు లోపల ఉండకూడదమ్మా. గేటు బయటికి వెళ్లండి."