మూడో ట్రాంబోన్ కుర్చీ

మా ఆయన నీళ్ళ శాఖలో వినే ఉద్యోగం చేసేవారు. నవ్వకండి, అలాంటి ఉద్యోగం నిజంగానే ఉంది. రోడ్డు కింద గొట్టం ఎక్కడ కారుతోందో పైకి కనబడదు. తవ్వేముందు ఎవరో ఒకరు విని చెప్పాలి. ఆయన దగ్గర నిలువెత్తు ఇనప కడ్డీ ఒకటి ఉండేది, పై కొసన చిన్న చెక్క గిన్నె బిగించి. కడ్డీ రోడ్డుకి ఆనించి, గిన్నె చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవారు. బళ్ళ రొద మొదలవకముందే పని కావాలి కనక తెల్లవారకుండానే లేచి వెళ్ళేవారు. "ఇక్కడ" అని సుద్దముక్కతో గుండ్రంగా గీస్తే మనుషులు వచ్చి తవ్వేవాళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆయన గీసిన చోట నీళ్ళు పడనిది రెండుసార్లే. ఆ రెండుసార్లూ తవ్వినవాళ్ళే పక్కకి తవ్వారని ఆయన చివరిదాకా అంటూనే ఉన్నారు.

ఆ చెవే ఆయన్ని బిగ్ బ్యాండ్ సంగీత ప్రియుల సంఘంలోకి లాక్కెళ్ళింది.

బిగ్ బ్యాండ్ అంటే ఏమిటో మొదట్లో నాకూ తెలీదు. పదిహేడుమంది కూర్చుని వాయించే సంగీతం. ముందు వరసలో సాక్సోఫోన్లు ఐదు, వెనక ట్రాంబోన్లు నాలుగు, ఆ వెనక ట్రంపెట్లు నాలుగు, పక్కగా పియానో, గిటారు, నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు, డ్రమ్ములు. మా ఊళ్ళో ఇవి వాయించేవాళ్ళు లేరు. వినేవాళ్ళే ఉన్నారు. పళ్ళ డాక్టరుగారి దగ్గర పాత రికార్డులు పెట్టెడు ఉండేవి. పదిహేడుమంది చెమటోడ్చి వాయించినదాన్ని ఒక్కడు కాలుమీద కాలేసుకుని వినెయ్యడం అన్యాయమని ఆయన సిద్ధాంతం. అందుకని సంఘంలో పదిహేడుమంది సభ్యులు, ఒక్కొక్కరికి ఒక్కొక్క వాయిద్యం. ఎవరిది వాళ్ళే వినాలి. పక్కవాడిది వినడం పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టడంతో సమానమని నియమాల పుస్తకంలో రాసి ఉంది. నా కళ్ళతో చూశాను.

అధ్యక్షుడి సంగతి ఇంకా విడ్డూరం. బ్యాండ్ అన్నాక కండక్టరు ఉండాలని డాక్టరుగారు ఏదో రికార్డు అట్ట మీద చదివారట. ఆ వారమే ఒక పెద్దాయన పన్ను పీకించుకోడానికి వచ్చి, మాటల్లో తను కండక్టర్నని చెప్పాడు. డాక్టరుగారు పట్టకారు పక్కన పెట్టి, "ఎన్నేళ్ళ అనుభవం?" అని అడిగారు. "ముప్పై ఏళ్ళండి" అన్నాడాయన నోట్లో దూదితోనే. అలా ఖాయమైపోయింది. ఆయన చేసింది సిటీ బస్సులో అని తెలిసేసరికి అందరికీ ఆయన విజిల్ అలవాటైపోయింది. ఒక విజిల్ వేస్తే రికార్డు ఆగాలి, రెండు వేస్తే కదలాలి. ఎవరైనా తప్పు ఎత్తిచూపితే, "ఏ కండక్టరైనా ఒకటేనండీ. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి లోపలికి లాగడమేగా పని" అనేవారు.

మా ఆయన చేరిన తీరు కూడా చెప్పాలి. సంఘం గది ఇస్త్రీ షాపు మీద మేడలో ఉంది. ఒకరోజు ఎక్కడో అనుమానం వచ్చి మా ఆయన పగటిపూటే ఆ షాపు ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, కడ్డీకి చెవి ఆనించి ఉన్నారు. కండక్టరుగారు మెట్లు దిగుతూ చూశారు.

"ఏమయ్యా, ఒంట్లో బాలేదా?"

"వింటున్నానండి."

"రోడ్డునా? ఏమంటోంది?"

"కింద మూడు గొట్టాలున్నాయండి. రెండు బాగానే ఉన్నాయి. మధ్యలోది సన్నగా కారుతోంది."

"ఈ బళ్ళ రొదలో అది నీకు వినబడుతోందా?"

"రొదని పక్కన పెట్టి వినాలండి."

కండక్టరుగారు ఆయన రెక్క పుచ్చుకుని మేడమీదికి తీసుకెళ్ళి, నలుగురి ముందూ నిలబెట్టి, "మూడో ట్రాంబోన్ దొరికాడు" అన్నారట.

ట్రాంబోన్ అంటే గొట్టం ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే పొడుగాటి బాకా. నాలుగింటిలో మొదటిది పైకి వినబడుతుంది. రెండోది దాని కొంగు పట్టుకుని తిరుగుతుంది. నాలుగోది అడుగున బొంగురుగా ఉంటుంది. మూడోది ఎక్కడుంటుందో దేవుడికే తెలియాలి. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్న ముగ్గురూ రెండు నెలలు తిరక్కుండా మానేశారు. ఒకాయన తన రాజీనామాలో, "ఇన్నాళ్ళూ నేను వింటున్నది గోడ గడియారమని తెలుసుకున్నాను" అని రాశాడట.

మా ఆయన మానలేదు. గురువారం గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేవారు. తిరిగొచ్చాక "ఎలా ఉంది?" అంటే "ఇవాళ ఏం లేదు" అనేవారు. నాలుగో నెలలో ఒకరోజు చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చారు.

"దొరికింది" అన్నారు.

"ఏం పోయింది?"

"పోవడం కాదు. ఉంది. రెండో పాట సగం దాటాక, ఎడమపక్క, సన్నగా."

"కారుతోందా?" అన్నాను ఎగతాళిగా.

"ఆ, కారుతోంది" అన్నారాయన. ఎగతాళి అని పట్టుకోలేదు. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

ఇరవై రెండేళ్ళు అలా విన్నారు. ఎవరైనా "ఏం పాట విన్నారు?" అని అడిగితే, "పాట సంగతి నాకు తెలీదండి, అది ట్రంపెట్ల వాళ్ళనడగాలి" అనేవారు.

ఆయన పోయిన ఏడో నెలలో సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. నా చదువు ఐదో తరగతితో ఆగింది కనక నిదానంగా, రెండుసార్లు చదువుకున్నాను. మూడో ట్రాంబోన్ అనే వాయిద్యం రికార్డుల్లో వినబడుతున్నట్టు ఆధారం లేదనీ, కాబట్టి ఆ కుర్చీని శాశ్వతంగా తీసెయ్యడానికి నాలుగో ట్రాంబోన్ వారు తీర్మానం పెట్టారనీ, అభ్యంతరం ఉంటే కుటుంబ సభ్యులు వచ్చే గురువారం సభకొచ్చి చెప్పుకోవచ్చనీ అందులో ఉంది.

మా వదిన, అంటే ఆయన అక్కగారు, అప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఉత్తరం చదివి వినిపించాను.

"అయితే మా తమ్ముడు ఇరవై రెండేళ్ళు ఏం విన్నట్టే?"

"ఏమో వదినా."

"లేనిదాన్ని వినడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకు? ఇంకెక్కడికో వెళ్ళేవాడనుకుందామన్నా వాడి మొహానికి అదీ కుదరదు."

"ఆయన లేనిది ఉందని చెప్పే మనిషి కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఏడు నెలల్లో నేను అంత గట్టిగా మాట్లాడింది అదే.

"నాకెందుకు చెప్తావ్, వెళ్ళి వాళ్ళకి చెప్పు" అంది వదిన.

గురువారం వెళ్ళాను. కింద ఇస్త్రీ పెట్టెల ఆవిరి చెక్కల సందుల్లోంచి పైకొచ్చి గదంతా తడిబట్టల వాసన. కుర్చీలు బ్యాండులో లాగే వరసల్లో వేసి ఉన్నాయి, వీపుల మీద వాయిద్యం పేరు రంగుతో రాసి. ఎదురుగా, వినే మనుషులుండాల్సిన చోట, స్టూలు మీద రికార్డు మిషను. మూడో ట్రాంబోన్ కుర్చీలో ఒక గొడుగు కూర్చుని ఉంది.

కండక్టరుగారు విజిల్ వేశారు. పక్క కుర్చీలోంచి నాలుగో ట్రాంబోన్ లేచాడు. ఆయనకి అద్దాలు కోసే షాపు ఉంది, వేళ్ళనిండా కట్లు.

"ఏడు నెలలుగా జాగ్రత్తగా విన్నానండీ. రెండో ట్రాంబోన్‌కీ నాకూ మధ్య గాలి తప్ప ఇంకేం లేదు" అన్నాడు.

"అంటే పక్కవాళ్ళది విన్నానని ఒప్పుకుంటున్నారా?" అన్నారు డాక్టరుగారు నియమాల పుస్తకం తెరుస్తూ.

"లేనిదాన్ని వింటే నియమం తప్పినట్టెలా అవుతుందండీ?"

"లేదని తేలేదాకా ఉన్నట్టే లెక్క."

"ఉందో లేదో వినకుండా ఎలా తేలుతుంది?"

కండక్టరుగారు ఇద్దర్నీ కూర్చోమని నావైపు తిరిగారు. "మీ అభ్యంతరం ఏంటమ్మా?"

"ఆయన అబద్ధం చెప్పేవారు కాదండీ."

"అది మాకూ తెలుసమ్మా. కానీ అది మనిషి గురించి. ఇక్కడ గొడవ వాయిద్యం గురించి."

నాకు ట్రాంబోన్ బొమ్మ తప్ప ఇంకేం తెలుసు. కండక్టరుగారు రెండు విజిళ్ళు వేశారు. రికార్డు తిరిగింది.

అంత చప్పుడు నేనెప్పుడూ వినలేదు. పదిహేడు తలుపులు ఒక్కసారి తెరుచుకున్నట్టుంది. ఇందులో ఒక్క మనిషి చెయ్యి ఎక్కడ వెతకడం అనుకుని తలొంచుకున్నాను. ఎదురుగా పదహారుమంది కళ్ళు మూసుకుని, ఎవరి ముక్క వాళ్ళు వింటూ, ఎవరి మోకాలు వాళ్ళు కదుపుతూ కూర్చున్నారు. రెండో పాట వచ్చింది. సగం దాటింది. అక్కడ ఒక చోట నాకు గడ్డం సబ్బు వాసన వచ్చింది.

మా ఆయన గడ్డం గీసుకునేటప్పుడు ఒక మూలుగు మూలిగేవారు. ఊఁ... ఊఁ ఊఁ... ఊఁ. అందులో ఎగుడూ లేదు, దిగుడూ లేదు. మధ్యలో కత్తి గాల్లో ఆపి, లోపల ఏదో లెక్కపెట్టుకుని మళ్ళీ అందుకునేవారు. పంటినొప్పేమోనని ఒకసారి లవంగం ఇచ్చాను. ఆయన వద్దనకుండా బుగ్గన పెట్టుకుని మళ్ళీ మూలిగారు. రోజూ విని విని నాకది పొయ్యి మీద నీళ్ళ చప్పుడులాగా అయిపోయింది. ఇప్పుడు ఆ రొద మధ్యలో ఆ మూలుగు ఆగాల్సిన చోట ఆగుతోంది, అందుకోవాల్సిన చోట అందుకుంటోంది.

నా నోట్లోంచి అదే వచ్చేసింది. ఊఁ... ఊఁ ఊఁ... ఊఁ.

విజిల్ పడింది. రికార్డు ఆగింది. నాకు ఆ నియమం తెలీదు కనక నేను ఆగలేదు. చివరిదాకా మూలిగాక చూస్తే గదిలో అందరూ నన్నే చూస్తున్నారు.

"ఏంటమ్మా అది?" అన్నారు కండక్టరుగారు.

"ఆయన గడ్డం గీసుకుంటూ అనేదండీ."

మళ్ళీ పెట్టించారు. మళ్ళీ మూలిగాను. ఈసారి ఒకచోట నేనే ముందు అందుకున్నాను, రికార్డు నా వెనక వచ్చింది. డాక్టరుగారు పుస్తకం మూసేశారు.

అద్దాలాయన లేచాడు. "అది నాది. ఆవిడ మూలిగింది నాలుగో ట్రాంబోన్."

"అయితే మీది మీరు చెయ్యండి, తేడా చూద్దాం" అన్నారు కండక్టరుగారు.

అద్దాలాయన నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. కట్లున్న వేళ్ళతో మోకాలు తట్టుకుని మళ్ళీ తెరిచాడు. తర్వాత నెమ్మదిగా కూర్చుండిపోయాడు.

"నాకు వినబట్టంలేదండీ. ఏడు నెలలైంది. ఆయన మోకాలు కదిలిన వెంటనే నాది వచ్చేది. పద్దెనిమిదేళ్ళు అలాగే పట్టుకున్నా. ఇప్పుడు పక్కన గొడుగు పెట్టుకు చూశా. గొడుగు కదలదు కదండీ. ఆ కుర్చీ అంటూ లేకపోతే, ఎదురుచూడకుండా నాది నేను వినగలనేమోనని."

కింద ఇస్త్రీ పెట్టె ఒకటి బుస్సుమంది.

"ముందు ఆ గొడుగు తియ్యవయ్యా" అన్నారు కండక్టరుగారు. తీశాడు. నన్ను అక్కడ కూర్చోమన్నారు. కూర్చున్నాను. మూడోసారి రికార్డు పెట్టారు. నేను మూలగలేదు, కొంచెం సిగ్గేసింది. కానీ ఆ చోటు వచ్చేసరికి నా కాలు కదిలింది. పక్కన అద్దాలాయన ఊపిరి బిగబట్టి, ఆ వెంటనే అడుగున ఉన్న బొంగురు చప్పుడుతో కలిసి తల ఊపాడు. పాట అయ్యాక తీర్మానం కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఇంకేముందమ్మా, ప్రతి గురువారం వచ్చెయ్యండి. కుర్చీ మీదే" అన్నారు కండక్టరుగారు.

ఉన్నమాట చెప్పాలి కదా. "నాకు ఒక్కటే వినడం రాదండీ. అన్నీ కలిసి వినిపిస్తున్నాయి."

గదిలో ఎవరో దగ్గారు. డాక్టరుగారు పుస్తకం మళ్ళీ తెరిచి ఏ నియమం కింద చూడాలో తెలియక అటూ ఇటూ తిప్పారు. అన్నీ కలిపి వినేవాళ్ళు ఉంటారని వాళ్ళు అనుకోలేదు.

"కలిస్తే ఎలా ఉందండీ?" అన్నాడు వెనకనుంచి ఇస్త్రీ షాపాయన. ఆయనది డ్రమ్ములు.

"పెద్ద ఇల్లు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరూ ఎవరి మాటకీ అడ్డం రావట్లేదు."

"అందులో నేను?"

"మీరు ఇల్లంతా నడుస్తున్నారు."

ఆయన సంతోషపడ్డాడు. అక్కణ్ణుంచి ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. పియానో ఆవిడ అడిగింది. తలుపు కొంచెం తీసి చూసి వెళ్ళిపోతున్నారని చెప్పాను. గిటారు ఎక్కడుందో నాకు తెలియలేదు, బాగుందని చెప్పాను. డాక్టరుగారు మొదటి ట్రంపెట్. ఆయన అడగడానికి మొహమాటపడుతుంటే, మీరు మేడమీంచి పిలుస్తున్నారని నేనే చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

చివర అద్దాలాయన మిగిలాడు. తన సంగతి అడుగుతాడనుకున్నాను.

"మరి మూడోది ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"ఇంట్లో ఉన్నట్టే ఉన్నారండీ" అన్నాను. "చప్పుడు చెయ్యకుండా."

ఆయన కాసేపు తల ఊపి, రికార్డు తిప్పి రెండోవైపు వెయ్యమన్నాడు.